మా తమ్ముడికి పాషాణం ఎక్కిస్తున్నారు

ప్రియమైన శేఖరానికి,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, పాప ఏడో తరగతికి వచ్చింది, పొలం కౌలు సంగతి ఇంకా తేలలేదు. ఐదు వారాలుగా నా మనసు నిండా ఒక్క విషయమే ఉంది, అది నీకు చెప్పుకుంటే తప్ప నేను తేలికపడను.

పోయిన నెలలో ఒక ఉదయం మా తమ్ముడు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి వచ్చిన నెత్తురు ఎంతకీ ఆగలేదు. దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోవడంతో ముందు చూసిన డాక్టరు డెంగీ అన్నారు, మేమూ నమ్మి రెండు రోజులు బొప్పాయి ఆకు రసం తాగించాము. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మూడో రోజు రాత్రి వేరే ఆసుపత్రిలో రక్తవ్యాధుల డాక్టరమ్మ నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. ఒక్కో కణంలో సన్నటి ఎర్రని పుల్లలు కట్టెల మోపులా పడి ఉన్నాయి. ఇది ఒక రకం రక్త క్యాన్సర్; అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా, ఏపీఎల్ అంటారట. 1957లో నార్వే వైద్యుడు హిల్లెస్టాడ్ దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించాడట. ఇది రక్తం గడ్డకట్టే ఏర్పాటునే చెడగొడుతుంది కనుక, మొదటి రోజుల్లో మెదడులో రక్తస్రావం జరిగి మనిషి పోవడమే అసలు భయమని చెప్పి, జన్యుపరీక్ష ఫలితం రాకముందే, ఆ రాత్రే ఆవిడ ఏట్రా అనే మాత్రలు మింగించి, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కించడం మొదలుపెట్టారు.

జబ్బుకు మూలం ఏమిటో నీకైతే ఒక్క మాటలో చెప్పగలను: మన హాస్టల్లో 15వ గది, 17వ గది పెట్టెలు తారుమారైన రాత్రి! సరిగ్గా అలాగే 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు చోట్లు మార్చుకోవడంతో ఒక వికృతమైన ప్రోటీను పుట్టి, తెల్లకణాలను లేత దశలోనే ఆపేస్తుంది. ఏట్రా అన్నది ఎ విటమిన్‌కు చుట్టం; అది ఆ కణాలను చంపకుండా ఎదిగేలా చేస్తుంది. 1985లో షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే వైద్యుడు దీన్ని ఐదేళ్ల పాపకిస్తే ఆ పాప కోలుకుంది. ఆ వాక్యం చదివి నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

రెండో మందు పేరు విన్నప్పుడు మాత్రం అమ్మ నోట మాట రాలేదు. ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్, అంటే పాషాణమే! 1970లలో చైనాలోని హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డాంగ్ బృందం ఒక నాటు మందు వెంటబడి దీని గుణాన్ని కనిపెట్టింది. వేలూరు సీఎంసీ వైద్యులైతే 1998 నుంచి కొత్త రోగులకు ఇదొక్కటే ఇచ్చి, అత్యధికుల్లో జబ్బు తగ్గిందని ప్రచురించారు. మన దగ్గర, ఇంత దగ్గర, ఇంతటి పని జరిగిందని మనకెవరూ చెప్పలేదు కదా శేఖరం!

పదో రోజున జ్వరం, ఆయాసం, ఒళ్లంతా నీరు. కణాలు ఒక్కసారిగా ఎదిగేటప్పుడు ఇలా జరగవచ్చునట. డెక్సామెథాసోన్ అనే స్టీరాయిడ్ మందు వెంటనే ఇచ్చారు, అయినా ఆ రాత్రి వాడు నా చెయ్యి వదల్లేదు, నేను కూడా... అది ఎదురుగా ఉన్నప్పుడే చెబుతాను.

ఇప్పుడు రక్తం గడ్డకడుతోంది, ఇడ్లీలు తింటున్నాడు. ఎముక మజ్జ పరీక్ష ఫలితం గురువారం వస్తుంది. ఇంకా నెలల తరబడి వాయిదాల్లో ఈ మందు ఎక్కించాలి, ప్రతిసారీ ఈసీజీ, పొటాషియం చూసుకోవాలి. నర్సమ్మ సీసా తగిలిస్తోంది, రెండు గంటలు పడుతుంది, నేను వాడి పక్కన కూర్చోవాలి.

నీ
సూర్యం