ఏ-లైన్ మీద నా కోసం ఆగిన వాళ్ళకి

అందరికీ నమస్కారం.

పోయిన ఆగస్టులో విస్లర్ బైక్ పార్కులో నేను పడినప్పుడు అక్కడి వాళ్ళ కోసం ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాసి పెట్టాను. మన వాళ్ళ కోసం తెలుగులో రాయడం బాకీ ఉండిపోయింది. కుడి చెయ్యి ఇప్పుడు మళ్ళీ నా మాట వింటోంది కాబట్టి ఆలస్యమైనా తీరిగ్గా రాస్తున్నాను.

విస్లర్ కెనడాలో, వాంకూవర్‌కి ఉత్తరాన 120 కిలోమీటర్ల దూరం. చలికాలంలో స్కీయింగ్ కొండ. మంచు కరిగాక అవే లిఫ్టుల్లో సైకిళ్ళు వేసుకుని పైకెళ్ళి, చెట్ల మధ్య నుంచి కిందికి దిగుతాం. 1999 నుంచి ఇది సైకిళ్ళ పార్కుగా కూడా నడుస్తోంది. ప్రతి దారికీ ఒక గుర్తు ఉంటుంది: కొత్తవాళ్ళకి పచ్చ గుండ్రం, కాస్త వచ్చినవాళ్ళకి నీలం చదరం, చెయ్యి తిరిగినవాళ్ళకి నల్ల డైమండ్, ఇంకా కష్టమైన దారులకి రెండు నల్ల డైమండ్లు. నేను పడిన దారి పేరు ఏ-లైన్, అది నల్ల డైమండ్. ప్రపంచంలో ఎక్కడ సైకిల్ జంపులు చేసేవాళ్ళని అడిగినా ఆ పేరు చెబుతారు. మొదటి నుంచి చివరి దాకా మట్టితో కట్టిన జంపులే. ఎక్కే అంచు, మధ్యలో బల్లలాగా చదునైన భాగం, అవతల దిగే వాలు. ఆ బల్లని మొత్తం గాల్లోనే దాటి వాలు మీద దిగాలి. వేగం సరిపోకపోతే బల్ల మీదే దిగుతాం. వేగం ఎక్కువైతే వచ్చే ప్రమాదం ఎవరికైనా తెలుస్తుంది. తక్కువైతే వచ్చే ప్రమాదం ఒకసారి పడితే తప్ప ఒంటికి ఎక్కదు.

నేను ఒక్క రోజులో అక్కడికి వెళ్ళలేదు. మొదటి ఏడాది ఈజీ డజ్ ఇట్ అనే పచ్చ గుండ్రం దారి, తర్వాత బీ-లైన్, రెండో ఏడాదంతా క్రాంక్ ఇట్ అప్ అనే నీలం దారి. మూడో ఏడాది ఏ-లైన్ మొదలుపెట్టాను. పడిన రోజుకి ముందు నాలుగుసార్లు క్షేమంగా దిగాను.

ఆ శనివారం వానలు లేక దారంతా పిండిలాంటి దుమ్ము. జంపులకి ముందు అందరూ బ్రేకులు వేసి వేసి నేలంతా గతుకులు పడింది. ఆ గతుకుల మీద సైకిల్ అదిరేసరికి నా వేలు బ్రేక్ మీదకి వెళ్ళింది. ఒక్క క్షణమే. అప్పటికే అంచు వచ్చేసింది. గాల్లోకి లేవగానే చాలదని తెలిసిపోయింది. వెనక చక్రం బల్ల చివరి అంచుకి తగిలింది, నేను హ్యాండిల్ మీదుగా ఎగిరి దిగే వాలు మీద పడ్డాను. కుడి భుజం ముందు తగిలింది, తర్వాత తల.

నేను పడిన చోటు గురించి కొంచెం చెప్పాలి. వెనక నుంచి వచ్చేవాళ్ళకి ఎక్కే అంచు తప్ప అవతల ఏముందో కనపడదు. గాల్లోకి లేచాకే దిగే వాలు కనపడుతుంది, అప్పటికి ఆగడానికి ఏమీ ఉండదు. మమ్మల్ని పైకి తీసుకెళ్ళే ఫిట్జ్‌సిమన్స్ లిఫ్టులో ఇంతకు ముందు కుర్చీకి నలుగురు, ఇప్పుడు ఎనిమిది మంది. శనివారం మధ్యాహ్నం ఆ దారిలో ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. నేను లేవలేకపోతున్నాను, ఊపిరి అందడం లేదు. తర్వాత చక్రాల చప్పుడు వినపడింది. నా మీదే దిగుతారనుకున్నాను. ఆ భయం ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

నా వెనక వచ్చింది ఒక తండ్రీ, కూతురూ. పాపకి పదమూడు, పద్నాలుగేళ్ళుంటాయి. వాళ్ళు నన్ను తప్పించుకుని పక్కకి ఎలా దిగారో నేను చూడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ పాప తన జాకెట్ విప్పి నా మీద పడేసి, జంపు పైకి పరిగెడుతోంది. అంచుకి ముందు, వచ్చేవాళ్ళకి దూరం నుంచే కనపడే చోట, తల మీద రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడింది. అక్కడ ఆ గుర్తుకి ఒకటే అర్థం: కింద మనిషి పడ్డాడు, ఆగండి. దారికి అడ్డంగా తన సైకిల్ కూడా పడుకోబెట్టిందట. బ్రేకులు కీచుమనడం, ఆ పాప గొంతు చించుకుని అరవడం నాకు కింద వినపడుతూనే ఉన్నాయి. పెద్ద పెద్ద మగవాళ్ళు గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో మీదికి వస్తుంటే ఆ పిల్ల పక్కకి జరగలేదు. నన్ను అక్కడి నుంచి తీసేదాకా, దాదాపు నలభై నిమిషాలు అలాగే నిలబడింది.

తండ్రి నా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊపిరి ఆడటం లేదని నేను హెల్మెట్ లాగేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. మెడకి ఏమైందో తెలిసేదాకా హెల్మెట్ తీయకూడదని, తల కదపొద్దని మెల్లగా చెప్పాడు. తల రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని నా పేరు, ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నాను అని అడుగుతూ ఉన్నాడు. అడిగిందే మళ్ళీ అడిగాడు. స్పృహ తగ్గుతోందేమో చూడటానికి అలా అడుగుతారని తర్వాత డాక్టర్ చెప్పారు. అప్పుడు మాత్రం నన్నెవరో వదలకుండా పట్టుకున్నారన్న ధైర్యమే నాకు తెలిసింది.

పచ్చ హెల్మెట్ పెట్టుకున్న ఒకామె బైక్ పట్రోల్‌కి, అంటే పార్కులో దెబ్బ తగిలినవాళ్ళని చూసుకునే వాళ్ళకి, ఫోన్ చేసి, మేము ఏ జంపు దగ్గర ఉన్నామో తడబడకుండా చెప్పింది. ఆ అడవిలో చోటు సరిగ్గా చెప్పడం చిన్న విషయం కాదు. పట్రోల్ వాళ్ళు వచ్చి మెడకి పట్టీ వేసి, చెయ్యి కట్టి, పక్కనున్న మట్టిరోడ్డు దాకా మోసుకెళ్ళి బండిలో కిందికి దించారు. ప్రతి కుదుపుకీ ముందు "ఇప్పుడు నొప్పి వస్తుంది" అని చెప్పి మరీ కదిపారు. విస్లర్ హెల్త్ కేర్ సెంటర్‌లో ఎక్స్‌రే తీశారు. కాలర్ బోన్ రెండు ముక్కలైంది, తలకి దెబ్బ తగిలింది కానీ లోపల ఏమీ కాలేదు. ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు, కారు నడపొద్దు అన్నారు.

కారు కింద పార్కింగ్‌లో ఉంది. నా భార్య బర్నబీలో మా ఇంట్లో, ఇద్దరు పిల్లలతో. తనకి ఇంకా లైసెన్స్ రాలేదు. ఆ టెన్షన్‌లో మన తెలుగు గ్రూపులో ఒక్క లైన్ పెట్టింది. పది నిమిషాల్లో సర్రే నుంచి గుంటూరు అన్నయ్య ఫోన్ చేశారు. ఉగాది రోజు ఒకసారి కలిసి పులిహోర తిన్నాం, అంతే మా పరిచయం. "తమ్ముడూ, నువ్వు ఎక్కడికీ కదలకు, మేం వస్తున్నాం" అన్నారు. నా కారు కూడా ఇంటికి చేరాలని ఆలోచించి తోడుగా స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చారు. తిరుగు దారిలో 99వ నంబర్ హైవే మలుపులన్నిట్లో నా ఎముక కదలకూడదని నెమ్మదిగా నడిపారు. వెనక వాళ్ళు హారన్ కొడితే పక్కకి ఆపి దారిచ్చి మళ్ళీ బయలుదేరారు. మేము ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆయన మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళాలన్న సంగతి నాకు వారం తర్వాత గానీ తెలియలేదు.

ఆరు వారాలు కుడి చెయ్యి స్లింగ్‌లోనే. మనకి కుడి చెయ్యి లేకపోతే అన్నం ఎలా తినాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. స్పూనుతో ఎడం చేత్తో తింటే కడుపు నిండేది కానీ తిన్నట్టు ఉండేది కాదు. మా బిల్డింగులో ఉండే శ్రీకాకుళం అక్క అది కనిపెట్టింది. పప్పన్నం నెయ్యి వేసి కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి డబ్బాలో సర్ది, పక్కనే వడియాలు పెట్టి పంపేది. ఎడం చేత్తో ఒక్కో ముద్దా తీసుకుని నోట్లో వేసుకోవడమే. మొదటి రోజు ఆ డబ్బా తెరిచి చూసి నాకు ఏడుపొచ్చింది. అక్కా, ఆ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు, ఫోన్‌లో మా అమ్మ, అందరూ అడిగారు: ఇద్దరు పిల్లల తండ్రివి, ఇవన్నీ అవసరమా అని. ప్రేమతోనే అడిగారు, నాకు కోపం లేదు. చక్రాలు నేల వదిలిన మరుక్షణం గులకరాళ్ళ చప్పుడంతా ఆగిపోతుంది. ఒక్క గాలి మాత్రమే వినపడుతుంది. ఆ రెండు సెకన్ల కోసం మూడేళ్ళు నేర్చుకున్నాను. డాక్టర్ సరేనన్నారు కాబట్టి వచ్చే మే నెలలో మళ్ళీ వెళ్తాను. పగిలిన హెల్మెట్ పారేశాను, కొత్తది కొన్నాను. మళ్ళీ పచ్చ గుండ్రం దగ్గరే మొదలుపెడతానని మా ఆవిడకి మాటిచ్చాను.

ఇంకొక్క విషయం. ఆ రాత్రి ఇంటికొచ్చాక మా ఆవిడ నా బ్యాగు ఖాళీ చేస్తుంటే అందులో ఊదారంగు జాకెట్ ఒకటి బయటపడింది. చిన్న సైజు, కుడి మోచేతి దగ్గర తెల్లదారంతో వేసిన కుట్లు. ఆ పాపదే. పట్రోల్ వాళ్ళు నాతో పాటే సర్దేసినట్టున్నారు. వాళ్ళ పేర్లు అడిగే స్థితిలో నేను లేను, ఎంత వెతికినా దొరకలేదు. మీలో విస్లర్‌కి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ సన్నగా ఉండే, జడ వేసుకునే ఒక అమ్మాయి తండ్రితో కలిసి ఏ-లైన్ తొక్కుతూ కనపడితే, జాకెట్ ఉతికి మడిచి మా ఇంట్లో పెట్టి ఉందని చెప్పండి.