2024–25 వార్షిక నివేదిక: వరద కుప్పలు పోయాయి, చెత్త మూలలు మిగిలాయి

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. ఏటా ఇందులో వీధి దీపాలు, పార్కు గేటు, కుక్కల బెడద, జెండా పండుగ అంటూ తలా నాలుగు ముక్కలు రాయడం అలవాటు. ఈసారి అలా కుదరలేదు. విజయవాడలో పాయకాపురం వైపు ఉండేవాళ్లకు ఈ ఏడాది ఎలా గడిచిందో ఒకరు చెప్పక్కర్లేదు. సంఘం సమయంలో సగానికి పైగా వీధుల్లో చెత్తకే పోయింది కాబట్టి నివేదిక కూడా దాని గురించే. మిగతా పనులు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

వరద తర్వాత

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. వాగు కట్టకు పడిన మూడో గండి పూడ్చేసరికి 7వ తేదీ, అంటే వినాయక చవితి రోజు. వీధుల్లో నీళ్లు పూర్తిగా తీయడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. నీళ్లు తీశాక చూస్తే ప్రతి ఇంటి ముందూ నానిన పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ అలమరాలు, బురద పట్టిన ఫ్రిజ్‌లు, కుళ్లిన బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు. నష్టం రాసుకునేవాళ్లు వచ్చి చూసేదాకా పడేయకూడదని చాలామంది ఆగారు. అందులో తప్పేం లేదు. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించారు, సామాన్లు కళ్లకు కనిపిస్తేనే కదా ఎవరైనా నమ్మేది!

రాష్ట్రంలోని వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులను ఇక్కడికి పంపారు. ఫైరింజన్లతో నీళ్లు కొట్టి వీధుల్లో, ఇళ్లలో బురద కడిగారు. ఆ రోజుల్లో సంఘం చేసింది చిన్న సాయమే. కార్మికులకు టీ, మంచినీళ్లు, మజ్జిగ, చేతులకు గ్లవ్స్ అందించాం. ఇంకొకటి కూడా చేశాం, అది బాగా ఉపయోగపడింది. బురద కింద సైడు కాలువ ఎక్కడుందో బయటి నుంచి వచ్చిన డ్రైవర్లకు తెలియదు. మనవాళ్లు కర్రలకు ఎర్రగుడ్డ కట్టి కాలువ అంచుల వెంట పాతారు. ఒక్క ట్రాక్టర్ కూడా దిగబడలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన ఇళ్ల కంపు ఎత్తిపోసిన ఆ కార్మికులందరికీ సంఘం తరఫున ఈ నివేదికలో ధన్యవాదాలు నమోదు చేస్తున్నాం.

ఇరుకు సందుల్లోకి ట్రాక్టర్లు రాలేవు కాబట్టి సామాన్లన్నీ నాలుగు చోట్లకు చేర్చి పోశారు. పాలబూత్ ఎదుటి ఖాళీ స్థలం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన, స్కూలు ప్రహరీ వెనక, మెయిన్ రోడ్డు మలుపు. దసరా నాటికి అక్కడి కుప్పలన్నీ తీసేశారు. అసలు సమస్య అక్కడి నుంచే మొదలైంది. పరుపులు, సోఫాలు వెళ్లిపోయాయి గానీ “చెత్త వేసేది ఇక్కడే” అన్న అలవాటు ఆ నాలుగు చోట్లా ఉండిపోయింది. వరదకు ముందు స్కూలు వెనక ఎవరూ కవరు పడేసేవారు కాదు. దీపావళి వచ్చేసరికి అక్కడ మోకాలి ఎత్తు కుప్ప.

నాలుగు మూలలు

అక్టోబర్ కార్యవర్గ సమావేశంలో ఎక్కువమంది అన్న మాట ఒకటే: “మనవాళ్లు కాదు, బయటివాళ్లు వచ్చి వేస్తున్నారు.” సీసీ కెమెరాలు పెట్టి పట్టుకుని ఫైన్ వేయించాలన్నారు. కెమెరా కొనేముందు ఒకసారి మనమే చూద్దామని కొందరు పెద్దలు అన్నారు. రిటైరైన సభ్యులు వంతులవారీగా ఉదయం, రాత్రి ఆ మూలల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరినీ ఆపలేదు, తిట్టలేదు. ఎవరు, ఏ వేళకు, ఏం వేస్తున్నారో చూశారంతే.

తెలిసిందేమిటంటే, బైకు హ్యాండిల్‌కు కవరు తగిలించుకొచ్చి విసిరి వెళ్లే బయటివాళ్లు ఉన్నారు, కానీ తక్కువ. ఎక్కువమంది మనవాళ్లే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు ఏడులోపే బయల్దేరే ఇళ్లు. చెత్త బండి పాట వినిపించేసరికి ఆ ఇళ్లకు తాళాలు ఉంటాయి. అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లు రాత్రి పదికి పార్సిల్ తిని, వాసన వస్తుందని అదే రాత్రి బయట పడేస్తారు. చిన్న అపార్టుమెంట్లలో వాచ్‌మన్ అన్ని ఫ్లాట్ల చెత్తా పోగుచేస్తాడు, బండి దాటిపోతే దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇక టిఫిన్ బండ్లు, కొబ్బరి బోండాల బండి. వీళ్లలో ఎవరికీ శుభ్రతంటే తెలియక కాదు. చేతిలో చెత్త ఉన్న వేళకు బండి లేదు, అంతే.

ఈ సంగతి తెలిశాక సంఘం ఆలోచన మారింది. వార్డు సచివాలయం శానిటేషన్ సెక్రటరీతో, పారిశుద్ధ్య మేస్త్రితో కూర్చుని మాట్లాడాం. చెత్త బండి మస్టర్ నుంచి, అంటే కార్మికుల హాజరు వేసే చోటు నుంచి, బయల్దేరి మొదట వేరే వీధులు తిరిగి మన దగ్గరకు వచ్చేది. ఇప్పుడు తొలి ట్రిప్పులో మన కాలనీ మొదట్లోనే కాసేపు ఆగి, తర్వాత మామూలు రూటులో తిరిగి వస్తోంది. పని పెరిగిందేమీ లేదు, రూటు కాస్త అటూ ఇటూ అయింది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఆ టైముకు బకెట్లు తెచ్చి ఇస్తున్నారు. రాత్రి వేళ వచ్చేవాళ్ల కోసం సంఘం ఆఫీసు గేటు లోపల మూతలున్న డ్రమ్ములు పెట్టాం. భోజనాల వేళ దాటాక ఓ గంటన్నర గేటు తెరిచి ఉంచుతాం, తెల్లవారి తొలి ట్రిప్పుకే డ్రమ్ములు ఖాళీ అవుతాయి. గేటు దగ్గర వంతులు వేసుకున్న సభ్యులకు కృతజ్ఞతలు. దోమల మధ్య ఆ డ్యూటీ అంత సులువు కాదు.

మూలలు ఖాళీ అయ్యాక అవి మళ్లీ నిండకుండా ఏం చేయాలన్నదానిపై పెద్ద చర్చే జరిగింది. దేవుళ్ల టైల్స్ అతికించాలని బలంగా ప్రతిపాదించారు. ఊళ్లో చాలా గోడలకు అవి ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ టైల్స్ ఉన్న గోడ శుభ్రంగా ఉండి, పక్క గోడ దగ్గర కుప్ప పడటం మనందరం చూస్తున్నదే. పైగా ఏ దేవుణ్ణి పెట్టాలి, ఎవరి దేవుణ్ణి వదలాలి అన్న గొడవ మన కాలనీకి అక్కర్లేదని కార్యవర్గం ఓటేసి తేల్చింది. ముగ్గులు వేశాం. ముగ్గు ఉన్నంతసేపు ఎవరూ వేయరు, చెరిగిపోయాక వేస్తారు. రోజూ తెల్లవారుజామున వచ్చి ముగ్గు వేసిన మహిళా సభ్యులే ఒకరోజు అడిగారు, “వేసేది మేమే, కాపలా కాసేది మేమే, మగవాళ్ల వంతు ఎప్పుడు?” అని. ఆ ప్రశ్నకు సమావేశంలో నవ్వులు తప్ప జవాబు రాలేదు.

చివరికి పనిచేసింది ఒకటే. ఆ చోటుకు ఒక వాడకం, ఒక మనిషి ఉండాలి. పాలబూత్ ఎదుటి స్థలంలో పిచ్చిమొక్కలు కొట్టించి నేల చదును చేశాం. బూత్ నడిపే ఆయన ఉదయం అక్కడే టేబుల్ వేస్తున్నారు, ఇప్పుడు ఆ చోటు ఆయనది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకు దూరం వదిలి రెండు సిమెంటు బెంచీలు వేశాం, సాయంత్రాలు పెద్దవాళ్లు కూర్చుంటున్నారు. మనిషి కూర్చున్న చోట కవరు విసరడానికి ఎవరికైనా మొహమాటమే. స్కూలు వెనక చీకటిగా ఉండేది, అక్కడ లైటు పెట్టించాం, పిల్లలు గోడకు రంగులు వేశారు. ఈ మూడు చోట్లా సంక్రాంతి నుంచి కుప్ప పడలేదు. నాలుగోది, మెయిన్ రోడ్డు మలుపు, ఇంకా లొంగలేదు. అక్కడ ఇళ్లు లేవు, చూసే కళ్లు లేవు. నిజంగా బయటివాళ్లు వేసేది అక్కడే. కెమెరా పెడితే గిడితే ఆ ఒక్క చోటే పెట్టాలని కార్యవర్గం అభిప్రాయం.

టిఫిన్ బండ్లు

2024–25లో అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వీధి వ్యాపారి తన దగ్గర వచ్చే చెత్తకు డబ్బా పెట్టుకోవాలి. మనం వెళ్లి ఆ మాట చెబితే ఇడ్లీ బండి ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: “డబ్బా పెట్టాను సార్, మూడోరోజే ఎవరో ఎత్తుకుపోయారు.” సంఘం ఖర్చుతో డ్రమ్ము ఇచ్చి, గొలుసుతో స్తంభానికి కట్టి తాళం వేశాం. కాలనీలోని మిగతా బండ్లకూ అలాగే ఇచ్చాం. ప్లేటు చేతికిచ్చేటప్పుడే “డ్రమ్ములో వేయండి అన్నా” అని ఆవిడ చెబుతోంది, ఆవిడ మాట దాటినవాళ్లు తక్కువ. కొబ్బరి బోండాల బండి మాత్రం డ్రమ్ముతో తీరే వ్యవహారం కాదు. డొప్పలు ఒక్క పూటకే డ్రమ్ము నింపేస్తాయి, వాటిలో వాన నీరు నిలిస్తే డెంగీ దోమకు ఇల్లు దొరికినట్టే. సాయంత్రం వ్యాపారం అయ్యాక డొప్పలు గోతాంలో కట్టి ఉంచడానికి ఆయన ఒప్పుకున్నాడు, రెండు రోజులకోసారి బండివాళ్లు విడిగా తీసుకెళ్తున్నారు.

తడి, పొడి

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించే బాధ్యత అదే నియమాల్లో కాలనీ సంఘాల మీద కూడా పెట్టారు. మన దగ్గర సొంత ఇళ్లవాళ్లు చాలావరకు వేరు చేస్తున్నారు, అద్దెకు కొత్తగా వచ్చేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కరెంటు మీటరు, నీళ్ల మోటారు చూపించినట్టే రెండు బకెట్ల సంగతి కూడా యజమానులే చెప్పాలని కోరుతున్నాం.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. డైపర్లు, ప్యాడ్లు, పగిలిన గాజు. వీటిని విడిగా కాగితంలో గట్టిగా చుట్టి ఇవ్వాలి. బండి మీద ఉన్న మనిషి చేత్తోనే ఏరుతున్నాడు. డిసెంబర్‌లో కవరులోని గాజుపెంకు గుచ్చుకుని మన బండి కార్మికుడి అరచేయి తెగింది. కుట్లు పడ్డాయి. ఆ కవరు ఏ ఇంటిదో తెలుసుకోవాలని మేం ప్రయత్నించలేదు. ఆ ఇంటివాళ్లు ఈ పేరా చదివితే చాలు.

సైడు కాలువలు

ఒకటి స్పష్టంగా అనుకుందాం. ఇళ్లు మునగడానికి మన కాలువల్లోని కవర్లు కారణం కాదు, అది బుడమేరు. కానీ మామూలు వానకే మూడో లైనులో పాదాలు మునిగే నీళ్లు నిలవడానికి మాత్రం కారణం కవర్లే. ఫిబ్రవరిలో పూడిక తీసినప్పుడు బయటపడినవి షాంపూ సాచెట్లు, పాల కవర్లు, థర్మోకోల్ ముక్కలు, కర్రీ పాయింట్ కవర్లు. తడి పూడిక బండిలోకి ఎత్తలేరు కాబట్టి ఆరేదాకా గట్టున ఉంచుతారు, ఈలోగా సగం తిరిగి కాలువలోకే జారుతుంది. ఈసారి సంఘం గోనె సంచులు కొని ఇచ్చింది. పూడిక సంచుల్లోనే ఆరింది, సంచులతోనే వెళ్లింది. ఖర్చు తక్కువ, వచ్చే ఏడూ ఇదే పద్ధతి.

పండుగలు, ఫంక్షన్లు

సిద్దిపేటలో స్టీలు బ్యాంకు పెట్టి ఫంక్షన్లకు స్టీలు పళ్లేలు, గ్లాసులు ఇస్తున్నారని మనలో చాలామందికి తెలుసు. ఆ పద్ధతినే చిన్నగా మొదలుపెట్టాం. దాతలు ఇచ్చిన పళ్లేలు, గ్లాసులు సంఘం ఆఫీసులో ఉన్నాయి. కార్తీక వనభోజనాలకు తొలిసారి వాడాం. కడగడానికి మనిషిని పెట్టుకోవాలి కాబట్టి మొదట్లో సణుగుడు వినిపించింది. పేపర్ ప్లేట్ల ఖర్చుతో పోల్చి చూశాక తగ్గింది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నాయి. “పేపర్ కప్పే కదా” అంటారు గానీ లోపల ప్లాస్టిక్ పొర ఉండే కప్పు మట్టిలో కలవదు.

జనవరి 13న భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దని పిల్లల చేత ఇంటింటికీ చెప్పించాం. వరదలో పాడైన ప్లైవుడ్ చెక్కలు కొన్ని మంటలోకి వచ్చాయి. వాటిలో ఉండే జిగురు కాలితే పొగ మంచిది కాదు. ఇకపై పిడకలు, ఎండు కట్టెలు మాత్రమే.

మూడో శనివారం

రాష్ట్ర ప్రభుత్వం స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర పేరుతో జనవరి 18 నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛ దినం పెట్టింది. మన కాలనీ ప్రతిసారీ పాల్గొంది. అయితే చీపుర్లు పట్టుకుని అప్పటికే ఊడ్చిన రోడ్డును మళ్లీ ఊడ్చి ఫొటో దిగడం వల్ల ఒరిగేదేమీ లేదని కార్యవర్గం నమ్ముతోంది. అందుకే ఫిబ్రవరి నుంచి ఆ రోజును తనిఖీ రోజుగా మార్చాం. నాలుగు మూలలు, కాలువ తూములు, బండ్ల డ్రమ్ములు, ఖాళీ స్థలాలు చూసి, కనిపించింది రాసుకుని ఆ సాయంత్రమే సచివాలయంలో ఇస్తున్నాం.

చందా, ఖాళీ స్థలాలు

చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించిన తర్వాత, “ఇక సంఘం చందా ఎందుకు?” అని కొందరు అడిగారు. రద్దయింది ప్రభుత్వం వసూలు చేసిన పన్ను. డ్రమ్ములు, గొలుసులు, గోనె సంచులు, బెంచీలు వచ్చింది మీ చందాతో. రెండూ ఒకటి కాదు.

ఖాళీ స్థలాల విషయంలో ఈ ఏడాది పెద్దగా ఏమీ సాధించలేదు. యజమానులు కొందరు హైదరాబాద్‌లో, కొందరు అమెరికాలో ఉన్నారు. ఫోన్ చేస్తే “చేయించండి అంకుల్, డబ్బులు పంపిస్తాను” అంటారు. పంపినవాళ్ల స్థలాలకు కంచె పడింది, పంపనివాళ్ల స్థలాల్లో తుమ్మచెట్లు, కవర్లు ఉన్నాయి.

మిగతా పనులు

పార్కులో వరదకు పాడైన మోటారు బాగుచేయించాం. వీధి దీపాల ఫిర్యాదులు చాలావరకు తీరాయి. కుక్కలకు ఆపరేషన్ల కోసం ఇచ్చిన అర్జీ పెండింగులో ఉంది. ఆడిట్ చేసిన జమాఖర్చులు వెనక పేజీల్లో జతచేశాం, అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే కోశాధికారికి రాతపూర్వకంగా ఇవ్వగలరు.

సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు ఓటుకు పెడుతున్నాం. మెయిన్ రోడ్డు మలుపులో కెమెరా, లైటు పెట్టడం. రాత్రి గేటు డ్యూటీకి ఇంటికొకరు చొప్పున వంతు వేయడం, ఇందులో మగవాళ్ల పేర్లు ముందు. వందమంది దాటే ఫంక్షన్ అయితే మూడు పనిదినాల ముందే సచివాలయంలో చెప్పి, సంఘం స్టీలు పళ్లేలు తీసుకోవడం. వందమంది, మూడు రోజుల లెక్క మనం పెట్టింది కాదు, 2016 నియమాల్లో ఉన్నదే. పళ్లేలు తీసుకునేవాళ్లు డిపాజిట్ కట్టాలి, గ్లాసులు లెక్కపెట్టి తిరిగి ఇవ్వాలి. వనభోజనాల నాటి గ్లాసులు ఇంకా కొన్ని రాలేదు, ఉన్నవాళ్లు దయచేసి ఆఫీసులో ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి,
కార్యవర్గం తరఫున