చిన్నదానికి ఇప్పుడే వద్దు

చిట్టితల్లీ,

నువ్వు చెప్పిన సినిమా నిన్న రాత్రి ఒక్కణ్ణే కూర్చుని చూశాను. "యు సర్టిఫికెట్టే నాన్నా, బొమ్మల సినిమాయే కదా, ఇద్దరికీ చూపించెయ్యనా?" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదనిపించి రాస్తున్నాను. పెద్దాడికి నిక్షేపంగా చూపించు. చిన్నదానికి ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత నీ ఇష్టం.

నువ్వు భయపడుతున్నట్టు ఆ డ్రాగన్ వల్ల కాదు. డ్రాగన్ మొదటి నుంచీ డ్రాగనే. అది రాబోతోందని సంగీతం ముందే దండోరా వేస్తుంది. అలాంటివి చూసి పిల్లలు కాసేపు బెదిరినా, మర్నాడు సోఫా ఎక్కి వాళ్ళే మంటలు కక్కుతుంటారు. నాకు గుచ్చుకున్న చోటు వేరు. సగం సినిమా అయ్యాక అక్క అద్దంలోకి తొంగి చూస్తుందే, అక్కడ. ఇటు తిరిగేసరికి మొహం మీద కళ్ళుండవు, నోరుండదు. కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది. తమ్ముడు "అక్కా" అని పిలుస్తాడు. జవాబుండదు. వెనక్కి తిప్పి, గడియారం పెట్టుకుని మళ్ళీ చూశాను. పదకొండు సెకన్ల పాటు సంగీతం కూడా లేదు. ఈ వయసులో నాకే అది చాలా పొడుగ్గా అనిపించింది.

నీకు గుర్తుండదు. నాలుగున్నరేళ్ళప్పుడు నిన్ను ఇలాంటి సినిమాకే తీసుకెళ్ళాను. అందులో ఒక తల్లి శాపం తగిలి రాయైపోతుంది. పాదాల దగ్గర మొదలై మెడ దాకా, మెల్లమెల్లగా. చివర్లో మళ్ళీ మనిషవుతుందనుకో. హాల్లో నువ్వు కిక్కురుమనలేదు. ఏడవలేదు కాబట్టి భయపడలేదనుకున్నాను. అసలు సంగతి ఆ రాత్రి మొదలైంది. అమ్మ పక్కన పడుకుని, తనకి కన్ను అంటుకోగానే మోచేయి దగ్గర గోటితో నొక్కి చూసేదానివి, మెత్తగా ఉందో లేదో అని. తను కదిలితేనే పడుకునేదానివి. వారం రోజులు అమ్మ చేతి మీద నెలవంకల్లా గోటి గుర్తులు. విషయం తెలిశాక నేను చేసిన ఘనకార్యమల్లా నవ్వి, "పిచ్చితల్లీ, అది బొమ్మే, నిజం కాదు" అనడం. నువ్వు నా వంక చూసి "తెలుసు" అన్నావు. ఆ రాత్రి కూడా నొక్కావు.

ఆ "తెలుసు" నాకు చాలా ఏళ్ళకి గానీ బోధపడలేదు. తెర మీద చూసినవాటికి పిల్లలు ఎందుకు భయపడతారన్న దాని మీద అమెరికాలో జోఆన్ కాంటర్ అనే ఆవిడ ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసింది. టీవీలో హల్క్ సీరియల్ వచ్చే రోజుల్లో బడి ఈడు రాని పిల్లలు దానికి హడలిపోయేవారు. హల్క్ మంచివాడు, కాపాడ్డానికే వస్తాడు. అయినా మామూలు మనిషి కళ్ళముందే పచ్చటి భూతంలా మారడం వాళ్ళు తట్టుకోలేకపోయారు. ఆ వయసులో కంటికి ఎలా కనబడితే అంతే. లోపల మంచివాడేలే అన్న లెక్క తర్వాతెప్పుడో వస్తుంది. కాస్త పెద్దయ్యాక భయమే మారిపోతుంది. వికారమైన రూపం కంటే, నిజంగా జరగగలిగే ముప్పు ఎక్కువ కలవరపెడుతుంది. అందుకే పెద్దాడికి "ఇదంతా కల్పనరా" అంటే ఎక్కుతుంది, చిన్నదానికి ఎక్కదు. దానికి పనికొచ్చేవి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, గుక్కెడు మంచినీళ్ళు, చేతిలో తన బొమ్మ.

ఇక సర్టిఫికెట్. అది ఉత్త కాగితమని అనను, నెత్తురూ బూతులూ వడగట్టడానికి పనికొస్తుంది. కానీ ఆ ముద్ర వేసినవాళ్ళకి మన చిన్నది తెలియదుగా. ఆ మాటకొస్తే వాళ్ళూ మనసు మార్చుకుంటారు. కుందేళ్ళ కథతో 1978లో వచ్చిన 'వాటర్‌షిప్ డౌన్'కి బ్రిటన్ సెన్సార్ బోర్డు యు ఇచ్చింది. కుందేళ్ళు నెత్తురు కారేలా ఒకదాన్నొకటి చీల్చుకునే సినిమా అది! పెద్దలు చూసుకుని మరీ చూపించాలన్న పీజీకి దాన్ని మార్చడానికి నలభై ఏళ్ళ పైనే పట్టింది.

"బొమ్మల సినిమాయే కదా" అన్నదీ అలాంటి ముద్రే. జపాన్‌లో ఘిబ్లీ స్టూడియో 1988 ఏప్రిల్‌లో ఒకే ఆటకి రెండు బొమ్మల సినిమాలు జంటగా విడుదల చేసింది. ఒకటి 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', యుద్ధంలో దిక్కులేనివాళ్ళై ఆకలికి మాడిపోయిన అన్నాచెల్లెళ్ళ కథ. అది చూసి నేను రెండ్రోజులు మనిషిని కాలేకపోయాను. రెండోది 'మై నైబర్ టొటోరో'. అందులోనూ గదంత నోరున్న ఒక వింత జంతువు ఉంటుంది. నోరు తెరిచి గర్జిస్తుంది కూడా. అయితే మేయ్ అనే నాలుగేళ్ళ పిల్ల దాని పొట్టెక్కి, ముక్కు నిమిరి, అక్కడే నిద్రపోతుంది. ఆ సినిమాలో పిల్లల గుండె పట్టేది జంతువు దగ్గర కాదు, ఆసుపత్రిలో ఉన్న అమ్మ ఈ వారం రాదని తెలిసినప్పుడు. అయితే ఆ దిగులుతో పిల్లల్ని సినిమా ఎక్కువసేపు ఒంటరిగా వదలదు. మేయ్ తప్పిపోతే ఊరు ఊరంతా వెతుకుతుంది.

నేను చూసేది ఇదే. భూతం ఎంత పెద్దదని కాదు. తెలిసిన మొహం పరాయిదైపోతే, లేదా కనబడకుండా పోతే, ఎంతసేపటికి తిరిగొస్తుంది, అందాకా ఆ పిల్లకి తోడెవరున్నారు? నువ్వు చెప్పిన సినిమాలో అక్క మొహం తిరిగొచ్చేసరికి ముప్పావుగంట పడుతుంది. అందాకా ఆ తమ్ముడు ఒంటరివాడే. నాలుగేళ్ళ పిల్లకి ముప్పావుగంటంటే ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు.

పెద్దాడికి చూపించేటప్పుడు పగటిపూట పెట్టు, సౌండు తగ్గించు, రిమోట్ వాడి చేతికే ఇవ్వు. ఆపగలనన్న ధైర్యం ఉంటే ఆపకుండా చూస్తాడు. అక్క బాగైపోతుందని ముందే చెప్పెయ్యి. కథ చెప్పేస్తే మజా పోతుందనేది మన బాధే గానీ, పిల్లలు ముగింపు తెలిసిన కథనే పదిసార్లు అడుగుతారు. ఆ టైములో చిన్నదాన్ని మాత్రం పక్క గదిలో ఉంచకు. తెర కనబడకుండా వినబడే అరుపులు ఇంకా పాడువి. ఇంకోటి, దుప్పటి కట్టుకుని మేడ మీంచి ఎగిరే సీను అయ్యాక రెండ్రోజులు వాణ్ణి ఓ కంట కనిపెట్టు.

అన్నట్టు, నాకు అసలు చిరాకేసింది ఆ లావుపాటి స్నేహితుడి మీద వేసిన జోకులకి. తలుపులో ఇరుక్కోవడమొకటి, కుర్చీ విరగడమొకటి. ఇవి ఏ సర్టిఫికెట్‌కీ ఆనవు. పెద్దాడు నవ్వితే తిట్టకు గానీ, వాళ్ళ క్లాసులో అలాంటి పిల్లాడున్నాడేమో మాటల్లో అడిగి చూడు.

ఆదివారం పొద్దున్నే చిన్నదాన్ని మా దగ్గర దింపెయ్యి. మీరిద్దరూ డ్రాగన్‌ని చూసుకోండి, మేం ఆ పెద్ద పొట్టదాని సినిమా వేసుకుంటాం. అమ్మ మధ్యలో నిద్రపోతుంది, అది మామూలే.

మీ నాన్న