ఒకే కంచెలో కలిపే ముందు

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణంలో చెరువుగట్టు పక్కన రాబోయే పార్కు గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. రెండెకరాల చుట్టూ ఒకే కంచె వేసి, అందులో చుక్కల జింకలు, కృష్ణజింకలు, నెమళ్లు, కుందేళ్లు, గొర్రెలు, బాతులు అన్నిటినీ కలిపి వదులుతారట. పిల్లలు ఒకేచోట నిలబడి అన్నిటినీ చూడవచ్చట. గేటు దగ్గర పెద్ద గాజు తొట్టిలో రంగురంగుల చేపలు కూడా ఉంటాయట. మీరు వేసిన ఊహాచిత్రం ముచ్చటగానే ఉంది. కానీ నేను ముప్పై ఒక్క ఏళ్లు జూలో జింకల విభాగంలో జంతు సంరక్షకుడిగా పనిచేసినవాడిని. ఆ చిత్రం చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు లేనిదే ఇలాంటిది తెరవడానికి వీల్లేదు కాబట్టి, వ్యవహారం ఇంకా కాగితం మీద ఉండగానే నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1996 ఏప్రిల్‌లో జరిగిన సంగతి ఇది. మా జూకు పెద్దలెవరో వస్తున్నారని, చుక్కల జింకల ఆవరణలోకి రెండు మగ కృష్ణజింకలను ఆ సాయంత్రమే వదలమన్నారు. ఆ మందలో ఒక పెద్ద పోతు ఉండేది. చుక్కల జింక కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మెత్తటి నూగుతో ఉన్నన్నాళ్లూ పోతు సాధువుగా తిరుగుతుంది. నూగు ఊడి కొమ్ము ముదిరిందంటే ఇక అది వేరే జంతువే. మా పోతు కొమ్ములు అప్పటికే చెట్ల బెరడుకు రాసుకుని రాసుకుని నిగనిగలాడుతున్నాయి. ఆ పొద్దున నేను మేత తొట్టి కడుగుతుంటే తల వంచి నా మీదికి రెండడుగులు వేసింది కూడా. ఈ సమయంలో కొత్తవాటిని వదలడం మంచిది కాదని చెప్పాను. ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మర్నాడు తెల్లవారి వెళ్లేసరికి ఒక కృష్ణజింక ఆవరణ మూలలో కాళ్లు మడుచుకుని పడుకుని ఉంది. దూరం నుంచి చూస్తే నెమరు వేస్తున్నట్టే ఉంది. దగ్గరికి వెళితే ఎడమ డొక్కలో రూపాయి బిళ్లంత రంధ్రం. రక్తం ఎక్కువ రాలేదు, చుట్టూ వెంట్రుకలు మాత్రం అట్టగట్టి ఉన్నాయి. కంచె వెంబడి దాని గిట్టలు దున్నిన చాలు అటూ ఇటూ నాలుగైదు సార్లు సాగి, ఆ మూల దగ్గర ఆగిపోయింది. డాక్టర్ గారు వచ్చేలోపు దాని తల నా ఒడిలోనే వాలిపోయింది. మైదానంలో ఆ జింకతో సమానంగా పరుగెత్తగల జంతువు మన దేశంలో అరుదు. ఎటూ పోలేని మూలలో పడితే ఆ పరుగు దాన్ని కాపాడలేదు.

ఆ తరువాత మేమే ఆ ఆవరణను బాగుచేశాం. లంబకోణంగా ఉన్న నాలుగు మూలలకూ వెదురు బొంగులు ఏటవాలుగా కట్టి, తరిమినా జంతువు గుండ్రంగా తిరిగి తప్పించుకునేలా చేశాం. ఒక్క తొట్టి పెడితే పోతు దాని ముందు నిలబడి మిగతావాటిని రానివ్వదు కాబట్టి దూరదూరంగా ఐదు తొట్లు పెట్టాం. పిల్లలు, ఆడవి మాత్రమే దూరగలిగేలా, కొమ్ములున్నవి పట్టకుండా, లోపలి కంచెలో ఒక సందు వదిలాం. కొత్త జంతువును నేరుగా మందలోకి వదలడం మానేశాం. మొదట పక్క ఆవరణలో పెట్టి, జాలీ గుండా కొన్ని వారాలు ఒకదాన్నొకటి చూసుకుని, వాసన పట్టి అలవాటు పడనిచ్చేవాళ్లం. కలిపేటప్పుడు కూడా బలహీనమైనదానికి ముందు ఆ చోటు తెలియాలి. ఏ చెట్టు వెనక దాక్కోవచ్చో, ఏ సందులో దూరవచ్చో అది నేర్చుకున్నాకే బలమైనదాన్ని వదలాలి. అదీ పొద్దున మేత తిన్నాక, మనిషి కాపలా ఉన్నప్పుడు. రాత్రికి దేని కొట్టంలోకి దాన్ని పంపేవాళ్లం. నేను రిటైరయ్యేదాకా ఆ ఆవరణలో మళ్లీ అలాంటి చావు జరగలేదు.

హైదరాబాద్ మహావీర్ హరిణ వనస్థలిలో ఈ రెండు జింకలూ కలిసే ఉంటున్నాయిగా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ మూడున్నర వేల ఎకరాలకు పైగా నేల ఉంది. కృష్ణజింక బయలు గడ్డిలో నిలబడుతుంది, చుక్కల జింక చెట్ల నీడ పట్టుకుని తిరుగుతుంది. కోపం వచ్చినా దూరం పోవడానికి చోటుంది. రెండెకరాల్లో ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. రెండూ మనకు ముద్దే. అందుకే చెబుతున్నాను, ఇంత ఇరుకులో రెంటినీ కలపవద్దు.

జంతువులను కలిపి ఉంచడమే తప్పని నేను అనడం లేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో మన ఒంటికొమ్ము ఖడ్గమృగాలతో పాటు మొరిగే జింకలను ఉంచారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, దేని గొడవ దానిది. చుక్కల జింకల మధ్య నెమళ్లు తిరిగితే నాకూ అభ్యంతరం లేదు, అడవిలోనూ అవి అలాగే ఉంటాయి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ జాబితాలోని గొర్రె. గొర్రెల ఒంట్లో ఒక వైరస్ ఉంటుంది. దానివల్ల గొర్రెకు మామూలుగా ఏమీ కాదు, చూడటానికి పుష్టిగా కనిపిస్తుంది. అదే వైరస్ జింకకో, అడవిదున్నకో సోకితే విపరీతమైన జ్వరం, ముక్కు నుంచి చీమిడి, కళ్లు పొరలు కమ్మి తెల్లబడటం, ఆపైన చావు. పశువైద్యులు దీన్ని మాలిగ్నెంట్ కటారల్ ఫీవర్ అంటారు. నమ్మదగిన చికిత్స లేదు. ఆఫ్రికాలో ఇదే జాతి జబ్బును మందలుగా గడ్డి మేసే పెద్ద జంతువులైన విల్డెబీస్ట్‌లు మోస్తాయి. అవి ఈనే కాలంలో ఆ మైదానాల వైపు ఆవులను తోలకూడదని మసాయి పశువుల కాపరులకు తరతరాలుగా తెలుసు. మన గొల్లలు పారుడు రోగం అని పిలిచే పీపీఆర్ కూడా గొర్రెల నుంచి జింకలకు సోకేదే. మంగోలియాలో 2016 చివరి నుంచి 2017 దాకా గొర్రెలు, మేకల నుంచి సోకిన ఆ రోగానికి సైగా జింకలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. పిల్లలు గొర్రెపిల్లను ముట్టుకుని ఆడుకోవాలంటే పార్కుకు అవతలి చివర వేరే దొడ్డి కట్టండి. ఆ దొడ్డిలో పనిచేసిన మనిషి చెప్పులు, చీపురు, బకెట్ జింకల వైపు రాకూడదు.

ఇక గాజు తొట్టి. చేపల విషయంలో నేను నిపుణుడిని కాను, మా మనవడి తొట్టి చూసి నేర్చుకున్నదే చెబుతాను. వాడు ఏంజెల్ చేపలతో టైగర్ బార్బ్‌లను కలిపాడు. వారం తిరగకముందే ఏంజెల్‌ల పొడవాటి రెక్కలు ఎలుక కొరికిన గుడ్డపీలికల్లా అయ్యాయి. చేపకు నీరే ఇల్లు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో నీరు కావాలి. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీరు, ఆఫ్రికా మలావి సరస్సు చేపలకు కఠిన జలం, అమెజాన్ నియాన్ టెట్రాలకు మృదు జలం. అన్నిటినీ ఒకే తొట్టిలో పోస్తే ఏదో ఒకటి రోజూ కాస్త కాస్త చస్తూ ఉంటుంది. కడుపు నిండా తిండి పెడితే పెద్దది చిన్నదాని జోలికి పోదనుకోవడమూ పొరపాటే. 2016లో సియోల్‌లోని ఒక అక్వేరియంలో పెద్ద సొరచేప, అదే తొట్టిలో ఉన్న మరో సొరచేపను తల నుంచి మొదలుపెట్టి, తోక మాత్రమే బయటికి కనిపించేంతగా మింగింది. తొట్టి శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను మాత్రం దయచేసి కొనకండి. అది పెరిగి పెద్దదై తొట్టి చాలకపోతే పక్కనే ఉన్న చెరువులో వదిలేస్తారు. మన చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. వలలు చింపుతుంది, ఒకసారి చెరువులో చేరితే వదిలించుకోవడం కష్టం.

పార్కు కట్టేవారికి నా విన్నపం ఇది. మొదటి ఏడాది రెండెకరాల్లో చుక్కల జింకలు, నెమళ్లు మాత్రమే ఉంచండి. మగవాటిని తక్కువగా తెచ్చి, కొమ్ము ముదిరిన పోతును విడిగా ఉంచడానికి గదులు ముందే కట్టండి. నమూనా గీసే ఇంజినీరుతో పాటు, జింకలకు రోజూ మేత వేసిన చేతులున్న మనిషిని ఒక్కరిని కూర్చోబెట్టండి. పిలిస్తే నేను వస్తాను, బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఊహాచిత్రంలో నేలంతా కత్తిరించిన పచ్చికే కనిపించింది. జింక ఈనిన తరువాత మొదటి రోజుల్లో పిల్ల తల్లి వెంట తిరగదు, గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది. తల్లి పాలివ్వడానికే దాని దగ్గరికి వస్తుంది. కనీసం వెనక వైపు అర ఎకరంలో గడ్డిని మోకాలెత్తు పెరగనివ్వండి. అక్కడికి సందర్శకుల దారి వేయకండి.

ఇట్లు,
విశ్రాంత జంతు సంరక్షకుడు,
విజయనగరం జిల్లా