నా చెయ్యి, నా కన్ను కాపాడినవాళ్లకు

మొన్న నరసన్నపేటలో మా పని దగ్గర జరిగిన ప్రమాదం తెలిసి చాలామంది ఫోన్లు చేశారు. కొందరికైతే చెయ్యి తెగిపోయిందనే వార్త వెళ్లిందట. తెగలేదు. ఎడమ ముంజేతికి కుట్లు పడ్డాయి, వేళ్లన్నీ ఆడుతున్నాయి, కన్ను క్షేమం. ఆ సమయానికి అక్కడున్నవాళ్ల పుణ్యమే ఇదంతా. వాళ్లకి దండం పెట్టుకోవడానికే రాస్తున్నాను. ఒంటి చేత్తో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నాది గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగ్ పని. కొత్తగా కడుతున్న ఒక ఇంట్లో మెట్లకి రెయిలింగ్ బిగిస్తున్నాం. చేత్తో పట్టుకునే కటింగ్ గ్రైండర్‌తో బాక్సు పైపు కోస్తుంటే దాని కింద ఎత్తుకి పెట్టిన ఇటుక జారింది. పైపు కుంగి, కోతలో ఉన్న డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టేసింది. ఈ పని తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే డిస్కు అంచు గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. అది ఉన్నపళంగా ఇరుక్కుంటే ఆ ఊపంతా మన మీదికే. మిల్లీమీటరు మందం డిస్కు ముక్కలై ఎగిరింది. ఒక ముక్కని డిస్కు మీద కప్పినట్టుండే రేకు గార్డు ఆపింది, ఒకటి ముంజేతిని చీల్చింది, ఒకటి సరిగ్గా కుడి కంటికి వచ్చింది.

బావా, ముందు నీకే దండం. దుబాయ్‌లో పైపు ఫిట్టర్‌గా చేసి వచ్చినప్పుడు అందరికీ సెంట్లు, సబ్బులు తెచ్చి నాకు మాత్రం సేఫ్టీ కళ్లద్దాలు తెచ్చావు. నీ చెల్లెలు ఆ రోజు మూతి ముడుచుకుంది. ఇప్పుడు వాటిని దేవుడి గూట్లో పెట్టింది. కుడి అద్దం మీద బియ్యపు గింజంత గుంట పడింది, అంతే, పగల్లేదు.

గ్రైండర్ చేతిలోంచి జారి పడింది గానీ ఆగలేదు. స్విచ్చు ముందుకి తోస్తే అక్కడే లాకయ్యే రకం అది. విరిగిన డిస్కు మొండెంతో నా కాళ్ల దగ్గరే స్లాబు మీద గిరగిరా గెంతుతోంది. అందరూ నా వైపు పరిగెత్తారు. సిమెంటు తట్టలు మోసే అప్ప ఒక్కర్తే వైరు వెంట పరిగెత్తి, ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ప్లగ్గు పీకేసింది. తర్వాత అడిగితే, "అదాగితేనే గదా బాబూ నీ దగ్గరికి ఎవులైనా రాగలరు" అంది. ఆ మాట చాలా తేలిగ్గా అనేసింది. నా రక్తం చూసి మా హెల్పర్ కుర్రాడే కళ్లు తిరిగి కూలబడ్డాడు. అంత టెన్షన్‌లో ప్లగ్గు గుర్తొచ్చిన మనిషి ఆమె ఒక్కతే. నన్నడిగితే ఆ రోజు జరిగిన సాయాల్లో అదే పెద్దది. అప్పా, నీ రుణం ఉంచుకోను. చెయ్యి కుదురుకోగానే నువ్వు కట్టుకుంటున్న ఇంటికి గేటు నాది, కూలి అడగను.

టైల్స్ మేస్త్రి ఉతికిన తువ్వాలు మడతపెట్టి గాయం మీద అదిమి, చెయ్యి ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో ఎవరో కాఫీ పొడి అద్దమన్నారు, ఇంకొకరు పసుపు తెచ్చారు. మంచి మనసుతోనే లెండి. ఆయన మాత్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. "ఆగిందేమో చూద్దాం" అని తువ్వాలు ఎత్తబోతే నన్ను కసిరారు కూడా. శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు గారు, గాయంలో ఏ పొడీ వెయ్యకుండా తెచ్చినందుకు కడగడం తేలికయిందన్నారు. ఆమె ఒక్కో వేలూ విడివిడిగా ముడవమని, చాపమని, కళ్లు మూసి ఏ వేలు ముట్టుకున్నానో చెప్పమని అడిగి, నరాలు బాగున్నాయని తేలాకే కుట్లు మొదలెట్టారు. టీటీ ఇంజక్షన్ వేసిన సిస్టరమ్మకీ, స్ట్రెచర్ తోసిన అన్నకీ నమస్కారాలు. ఫోన్లు తీసి వీడియోలు పట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి వదిలేద్దాం.

ఇక ఆటో తమ్ముడు. ఇద్దరు ప్యాసింజర్లని దింపేసి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. మడపాం వంతెన దాటేదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రి గేటు దగ్గర మేస్త్రి డబ్బులివ్వబోతే తీసుకోకుండా వెళ్లిపోయాడు. పేరు అడగలేదు, నంబరు చూసుకోలేదు. సన్నగా ఉంటాడు, ఆటో వెనకాల అరసవల్లి సూర్యనారాయణ స్వామి బొమ్మ ఉంది. నరసన్నపేట స్టాండులో తెలిసినవాళ్లుంటే అతనికి కబురు చెప్పండి. వెనక సీటు కవరంతా నా రక్తంతో పాడైంది. కొత్తది వేయిస్తాను, రంగు తనిష్టం.