పనితో పాటు అధికారమూ ఇవ్వండి: ఇంగ్లండ్ స్థానిక పాలన మంత్రికి ఒక పారిష్ కౌన్సిలర్ బహిరంగ లేఖ

గృహ నిర్మాణ, స్థానిక పాలన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పై అంచెలో కౌంటీ, దాని కింద డిస్ట్రిక్ట్ అనే రెండంచెల పాలన ఉన్న 21 ప్రాంతాలను పునర్వ్యవస్థీకరణకు ప్రతిపాదనలు పంపమని మీ శాఖ 2025 ఫిబ్రవరిలో కోరింది. వాటిలో ఒకదానిలో, మూడు వందల గడపలు దాటని పల్లెలో, నేను పారిష్ కౌన్సిల్ సభ్యుడిని. పుట్టి పెరిగింది ప్రకాశం జిల్లాలో. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులోనూ రాయడానికి కారణం, ఇక్కడ స్థిరపడిన మావాళ్లలో చాలామందికి కామన్వెల్త్ పౌరులుగా స్థానిక ఎన్నికల్లో ఓటు ఉన్నా, పారిష్ అనగానే అదేదో చర్చి వ్యవహారం అనుకుని ఊరుకోవడం. చర్చి పారిష్ నుంచి పౌర పారిష్ పాలనను 1894 నాటి చట్టమే వేరు చేసింది. మావాళ్లకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఇది గ్రామ పంచాయతీయే. కాకపోతే మా సభ్యులకు జీతం లేదు, చెక్కు మీద ఇద్దరు సంతకం పెట్టాలన్నది మా కౌన్సిల్ కట్టుబాటు కాబట్టి చెక్ పవర్ కోసం కొట్లాటలూ లేవు.

2024 డిసెంబరు 16న మీ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం కౌంటీ, డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లను రద్దు చేసి, సుమారు 5 లక్షలు, అంతకు మించిన జనాభాకు ఒకటి చొప్పున, ఆ రెండంచెల పనులూ ఒకే చోట చూసే ఏకీకృత కౌన్సిళ్లు ఏర్పాటు చేయాలని సంకల్పించింది. దాన్ని అడ్డుకోమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇంటి ముందు చెత్త ఎత్తేది ఒక కౌన్సిల్, ఎత్తిన చెత్తను వదిలించుకునేది ఇంకో కౌన్సిల్ అయిన ఏర్పాటును సమర్థించడం నావల్ల కాదు. నా ఆందోళనంతా కింది అంచె గురించి. డిస్ట్రిక్ట్ పోయాక మా ఊరివాళ్లు నడిచి వెళ్లి తలుపు తట్టగలిగే ఎన్నికైన సంస్థ పారిష్ కౌన్సిల్ ఒక్కటే మిగులుతుంది. దేశంలో ఇలాంటి పారిష్, టౌన్ కౌన్సిళ్లు పది వేల దాకా ఉన్నాయి. పైన ఇంత కదలిక జరుగుతుంటే వాటి అధికారాలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయాయి.

మా ఊరి దిగువన, రోడ్డు కింద ఒక తూము ఉంది. శరదృతువులో ఓక్ ఆకులు దాని మూతికి అడ్డుపడితే, ఒక రాత్రి వానకే నీళ్లు రోడ్డెక్కి చివరి రెండిళ్ల గుమ్మాల దాకా వస్తాయి. ఏ రోజుల్లో అడ్డుపడుతుందో, పక్క కాలువలో పూడిక ఎంత మేర పేరుకుంటుందో మా క్లర్కు పుస్తకంలో ఇరవై ఏళ్ల లెక్క ఉంది. రోడ్డూ దాని కింది తూమూ కౌంటీవి, పక్క కాలువ శుభ్రం చేయాల్సింది ఆ పొలం ఆసామి, కాలువ వెళ్లి కలిసే నది బాధ్యత ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థది. మొన్నటి శీతకాలం నీళ్లొచ్చినప్పుడు వారానికి ఎనిమిది గంటల జీతం మీద పనిచేసే ఆ క్లర్కు ఒక్క పూటలో నాలుగు చోట్లకు ఫోన్ చేసింది. ప్రతి చోటా ఇంకొకరి నంబరే ఇచ్చారు. చివరికి మేము ముగ్గురం పొడుగు పిడి దంతెలతో వెళ్లి ఆకులు లాగేశాం. అనుమతి లేకుండా రోడ్డు మీద పని చేయడం తప్పని మరుసటి వారం మాకు మర్యాదగా గుర్తు చేశారు కూడా. తెలిసినవాళ్లకు చేసే హక్కు లేదు, హక్కు ఉన్నవాళ్లకు తూము ఎక్కడుందో తెలియదు. ఆఫీసు ఇంకో నలభై మైళ్లు అవతలికి వెళ్లినంత మాత్రాన ఈ పరిస్థితి దానంతటదే బాగుపడదు.

ఏకీకృత కౌన్సిళ్లు ఇంగ్లండ్‌కు కొత్త కాదు. కార్న్‌వాల్, విల్ట్‌షైర్, డరమ్ 2009లో, బకింగ్‌హామ్‌షైర్ 2020లో, సోమర్‌సెట్, నార్త్ యార్క్‌షైర్ 2023లో ఆ దారి పట్టాయి. కార్న్‌వాల్‌లో ప్రజా మరుగుదొడ్లు, గ్రంథాలయాలు ఎన్నో టౌన్, పారిష్ కౌన్సిళ్ల చేతికి వచ్చాయి. కొన్ని చోట్ల అవి మునుపటి కంటే బాగా నడుస్తున్నాయి కూడా. సోమర్‌సెట్ కథ వేరు. 2023 ఏప్రిల్‌లో ఏర్పడిన కౌన్సిల్ అదే ఏడాది నవంబరులో ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ తర్వాత మరుగుదొడ్లు, పార్కులు, నిఘా కెమెరాల వంటివి మీరు తీసుకుంటారా, మూసేయమంటారా అన్న ప్రశ్న చిన్న కౌన్సిళ్ల ముందుకు వచ్చింది. దాన్ని బేరం అనలేం. బేరమాడటానికి అవతలివాడికి వద్దనే వీలు ఉండాలి.

ఇందులో దాగిన మెలికను మీ శాఖ ఎరగనిది కాదు. ఏకీకృత కౌన్సిల్ తన కౌన్సిల్ ట్యాక్స్‌ను, అంటే ఇళ్ల మీద వేసే స్థానిక పన్నును, ఏడాదికి 5 శాతమో, అంతకు మించో పెంచాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ పన్ను బిల్లులోనే పారిష్ తన వాటాగా వసూలు చేసే ప్రిసెప్టుకు ఆ పరిమితి లేదు. పై కౌన్సిల్ పుస్తకంలో ఖర్చు తగ్గి, పారిష్ పుస్తకంలో పెరిగితే, ఇంటివాడి బిల్లు తగ్గకపోగా తిట్లు మాత్రం మా వాటాకు వస్తాయి. మా ఊళ్లో ఇంటికి 10 పౌండ్లు పెంచితే వచ్చేది 3 వేల పౌండ్లు. ఆటస్థలంలో విరిగిన ఒక ఉయ్యాల మార్చి, గడ్డి కోయించేసరికి అది అయిపోతుంది.

పొరుగు ప్రాంత కమిటీలు వస్తాయి కదా అని మీ అధికారులు అంటున్నారు. ఏకీకృత కౌన్సిల్ వార్డు సభ్యులు నడిపే కమిటీ ఎంత మంచిదైనా అది పై కౌన్సిల్ చేయి. దానికి సొంత పన్ను లేదు, సొంత ఆస్తి లేదు, అవసరమైతే పై కౌన్సిల్‌తో విభేదించే స్థానం లేదు. పారిష్‌లు లేని పట్టణాల్లో అలాంటివి ఉపయోగపడవచ్చు. ఉన్నచోట వాటి మీద ఇంకో అంచె పరచడం దేనికో నాకు బోధపడలేదు. మా ఆంధ్రలో 1980ల మధ్యలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను విడగొట్టి మండలాలు చేసింది. ఒక సర్టిఫికెట్ కోసం బస్సెక్కి ఒక పూటంతా పోగొట్టుకునే మా తాతగారు ఆ తర్వాత సైకిల్ మీద వెళ్లి భోజనం వేళకు తిరిగొచ్చేవారు. మీరు చేస్తున్నది అందుకు ఎదురు దిశలోని పని. అయితే భారతదేశంలో గ్రామ పంచాయతీకి 73వ రాజ్యాంగ సవరణ అండ ఉంది. ఇక్కడి పారిష్‌కు పార్లమెంటు చేసిన మామూలు చట్టం తప్ప ఇంకే రక్షణా లేదు. అందుకే ఆ చట్టం మీద ఇంత పట్టుబట్టవలసి వస్తోంది.

మా లోపాలు దాచను. చాలా పారిష్‌లలో పోటీయే ఉండదు; నన్ను కూడా ఖాళీ సీటులో సభ్యులే కోఆప్ట్ చేసుకున్నారు. 2021లో ఒక పారిష్ కౌన్సిల్ జూమ్ వీడియో సమావేశంలో జరిగిన రగడ దేశమంతా చూసి నవ్వుకుంది. (సహేతుకమైన అద్దెకు ఇంకో గది దొరికితే పబ్బులో సమావేశం పెట్టకూడదని 1972 చట్టం ఊరికే రాయలేదు.) అన్ని పారిష్‌లూ అన్ని పనులూ మోయలేవు, మోయమని అడగనూ కూడదు. అయితే అధికారం లేని చోట పోటీ ఎందుకు ఉంటుందన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

నేను కోరేది ఇది. ఏ ఆస్తి, ఏ పని ఏ పారిష్‌కు వెళుతుందో, దానితో ఎంత డబ్బు, ఎన్నేళ్లు వస్తుందో కొత్త కౌన్సిల్ బాధ్యతలు స్వీకరించే నాటికే రాతపూర్వక ఒప్పందం జరిగి ఉండాలని, వద్దన్న పారిష్‌ను బలవంతపెట్టరాదని చట్టంలో చేర్చండి. ఇప్పుడు ఇంటి నిర్మాణ దరఖాస్తుల మీద మా అభిప్రాయం అడుగుతారు, విన్నామంటారు, అంతటితో సరి. మేము లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పిన దరఖాస్తును ఆమోదిస్తే కారణాలు రాతలో తెలపడం విధిగా చేయండి. రెండు మూడు చిన్న పారిష్‌లు కలిసి ఒక పూర్తికాలపు క్లర్కును నియమించుకునేందుకు మొదటి మూడేళ్లు సాయం చేయండి. తూము వంటి చిన్న పనులకు ప్రతిసారీ అనుమతి అడగనక్కరలేకుండా ఏడాదికొకసారి ఇచ్చే సాధారణ అనుమతి చాలు. దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదేమో.

మా ప్రిసెప్టును జనవరి సమావేశంలో ఖాయం చేయాలి. ఏ పనులు మా మీద పడబోతున్నాయో తెలియకుండా ఆ అంకె వేయడం చీకట్లో రాయి విసరడమే అవుతుంది కాబట్టి, ఆ లోగా మీ సమాధానం అందితే సమావేశంలో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పారిష్ కౌన్సిలర్