‘అను’ ఫాంటు ఫైళ్లు పాడవలేదు, ఫాంటే లేదు

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో కొట్టించిన అర్జీలు, బయోడేటాలు ఇంటికెళ్లి తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి కనిపిస్తుంది. ఫైలు పాడైందనుకుని చాలామంది మళ్లీ డబ్బు కట్టి టైపు చేయిస్తున్నారు. ఫైలుకేమీ కాలేదు. ‘అను’ లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీదే తెలుగు అక్షరాల రూపాలు పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్ ఆ సంకేతాలనే చూపిస్తుంది.

ప్రింటు కోసమే అయితే పీడీఎఫ్ అడగండి. ఆపరేటర్ కంట్రోల్, పి నొక్కి ప్రింటర్ల జాబితాలో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకుంటే చాలు. అయితే అందులోంచి కాపీ చేసి వాట్సాప్‌లోనో, ఆన్‌లైన్ ఫారంలోనో పెడితే మళ్లీ అదే గజిబిజి. అక్కడ తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతి, అంటే యూనికోడే కావాలి. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ తెరిచి, లాంగ్వేజ్ విభాగంలో తెలుగు చేర్చుకోండి. విండోస్ మీటతో స్పేస్‌బార్ నొక్కితే భాష మారుతుంది. ‘amma’ అని కొడితే ‘అమ్మ’ వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా అందులోనే ఉంది, పైసా ఖర్చు లేదు.

పాత ఫైళ్లను కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు, అంకెలు తప్పక సరిచూసుకోవాలి. అర్జీలో సర్వే నంబరు మారితే పనే ఆగిపోతుంది!

సెంటర్ల వారికి: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లలో పాతదైన పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు నడవదు. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పెళ్లి పత్రికల సంగతి ఎలా ఉన్నా, అర్జీలైనా యూనికోడ్‌లో కొట్టి ఇవ్వండి.

– ఒక డీటీపీ ఆపరేటర్, బ్రాడీపేట, గుంటూరు